ఓడలో విందుకు పంచె, పట్టుచీర పనికొస్తాయా?

పెరుంగుడి నుంచి:

పెద్దలందరికీ నమస్కారం. మేము నెల్లూరు నుంచి చెన్నైకి మకాం మార్చి ఎన్నాళ్లో కాలేదు. మా అబ్బాయి సింగపూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల మమ్మల్ని అక్కడికి రప్పించి, నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం చేయిస్తానని టికెట్లు తీశాడు. దేశం దాటడం మా ఇద్దరికీ ఇదే మొదలు.

ఓడ కంపెనీ పంపిన కాగితాల్లో మూడు రాత్రుల భోజనానికి 'క్యాజువల్' అని, ఒక రాత్రికి 'ఫార్మల్' అని ఉంది. మావారు పెళ్లిలో కూడా సూటు ముట్టలేదు. ఇంట్లో పంచె, బయటికి వెళితే ప్యాంటు, పొట్టిచేతుల చొక్కా, శుభకార్యమైతే మళ్లీ పంచె, కండువా. అబ్బాయేమో సూటు కుట్టించుకోమని రోజూ ఫోను. పాండీ బజారులో ధర విని, మజ్జిగ తాగి తిరిగి వచ్చేశాం. పంచె కట్టుకుని వెళితే భోజనాల హాలులోకి రానివ్వరా? నేను కంచిపట్టు కట్టుకుంటే మరీ పెళ్లివారిలా కనిపిస్తానా? తెలిసినవారు చెప్పండి.

తిరువాన్మియూరు నుంచి:

వదినగారూ, మజ్జిగ తాగి వచ్చేయడమే మంచిదయింది. ఒక్క పూట భోజనం కోసం, చెన్నై ఎండలో మళ్లీ ఎప్పుడూ తొడగని సూటు కుట్టించడం శుద్ధ దండగ. మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలో ఉంటారు. వాళ్లతో ఓడలు ఎక్కి దిగిన అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఆ ఓడ ఏ కంపెనీదో చూడండి. అన్నిటికీ ఒకే రివాజు లేదు. క్వీన్ మేరీ 2 నడిపే క్యూనార్డ్ వారిది పాత ఇంగ్లీషు పద్ధతి. వాళ్లు 'గాలా' అనే ఫార్మల్ రాత్రుల్లో మగవాళ్లు నల్ల కోటు, బో టైతోనో ముదురు రంగు సూటు, టైతోనో రావాలని కోరుకుంటారు. అలా తయారు కానివాళ్లు ఆ సాయంత్రం ఓడలో కొన్ని చోట్లలోనే కాలక్షేపం చేయాలి. అంత పట్టింపు ఉన్నవాళ్లు కూడా, ఎవరి దేశపు సంప్రదాయ దుస్తుల్లో వారు రావచ్చని ఒప్పుకుంటారు. ఇక రెండో కొసన నార్వీజియన్ క్రూయిజ్ లైన్ ఉంది. అక్కడ సూటు తప్పనిసరి అనే రాత్రే లేదు. రాయల్ కరీబియన్, ప్రిన్సెస్, సెలబ్రిటీ వంటివి ఈ రెంటికీ నడుమ. సింగపూరు నుంచి నాలుగు రాత్రులకు బయలుదేరేవాటిలో పిల్లాపాపలతో, తాతాబామ్మలతో వచ్చేవాళ్లే ఎక్కువ. ఆ రాత్రి హాలులో ఒక బల్ల దగ్గర టక్సీడో, పక్క బల్ల దగ్గర మామూలు చొక్కా ప్యాంటు, ఆ వెనక మలేషియా వారి బాతిక్ చొక్కా, చైనా వారి పట్టు గౌను అన్నీ కనిపిస్తాయి. ఆ వరుసలో జరీ అంచు పంచెకు చోటు దొరకదంటే నేను నమ్మను.

నిజానికి పంచెను గుమ్మం దగ్గర ఆపిన ఘనత మన చెన్నైదే. 2014 జూలైలో చేపాక్కంలోని తమిళనాడు క్రికెట్ సంఘం క్లబ్బులో పుస్తకావిష్కరణ జరిగింది. దానికి పంచె కట్టుకుని వెళ్లిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి రానివ్వలేదు. తెల్లవాళ్లు వెళ్లిపోయినా వాళ్ల క్లబ్బు నియమాలు ఇక్కడే ఉండిపోయాయి మరి. ఆ మరుసటి నెలలోనే శాసనసభలో చట్టం వచ్చింది: పంచె గానీ మరే భారతీయ సంప్రదాయ దుస్తులు గానీ వేసుకున్నారని క్లబ్బులవాళ్లు ఎవరినీ వెనక్కి పంపకూడదు. సింగపూరులో ఎక్కే ఓడకు ఆ చట్టం వర్తించదు. అయినా అన్నయ్యగారికి ఈ కథ చెప్పి బయలుదేరదీయండి, కొంచెం ధైర్యంగా ఉంటారు.

హాలు గుమ్మంలో అభ్యంతరం చెప్పేవి వేరే ఉన్నాయి. ఈత దుస్తులు, చేతుల్లేని బనియన్లు, రబ్బరు చెప్పులు, ఫార్మల్ రాత్రి అయితే నిక్కర్లు, టోపీలు. ఇక్కడొక చిక్కు ఉంది. మన వీధుల్లో మగవాళ్లు ఉక్క పోయగానే పంచెను మోకాళ్ల పైకి మడిచి కట్టేస్తారు. ఓడలో అలా చేస్తే అది నిక్కరు కిందే లెక్క. అది తప్ప తెల్ల పంచె, పూర్తి చేతుల లాల్చీ, భుజాన కండువా, కాళ్లకు తోలు చెప్పులో బూట్లో ఉంటే అంతకు మించి ఎవరూ అడగరు. గోచి పోసి కడితే మెట్లు ఎక్కేటప్పుడు కాళ్లకు అడ్డం పడదు. అడ్డపంచె అయితే బెల్టు తప్పనిసరి. ఓడ కాస్త ఊగుతుంది కదా, ఒక చేయి కమ్మీ మీద, ఒక చేయి పంచె మీద పెట్టుకుని నడవడం ఇబ్బంది.

మిగతా మూడు రాత్రులకు ఆలోచించేదేమీ లేదు. ఆయన ప్యాంటు, చొక్కా, మీ రోజువారీ చీర లేదా చుడీదారు సరిపోతాయి. మధ్యాహ్నాలు పై అంతస్తు బఫేలో తింటారు కాబట్టి అక్కడ ఇంకా తేలిక.

ఇక కంచిపట్టు. పెళ్లివారిలా కనిపిస్తానా అని అడిగారు. కనిపిస్తారు. ఆ రాత్రి అందరూ అలాగే కనిపించాలనే కదా ఆ ఏర్పాటు! వచ్చిన చిక్కల్లా బరువుతోనే. విమానంలో సామానుకు లెక్క ఉంటుంది, గదిలో అలమారా చిన్నది, జరీ మడతలు పడితే సరిచేసే దారి లేదు. మీ దగ్గర ఉప్పాడ ఉంటే అది పెట్టుకోండి. కంచిపట్టులా మెరుస్తుంది, మడిస్తే చేతిసంచిలో ఒక మూల సరిపోతుంది. మైసూరు క్రేపు అయితే మరీ మంచిది, పెట్టెలోంచి తీసి దులిపి కట్టుకోవడమే. మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలంటే నాకు ప్రాణం, కానీ గంజి పెట్టిన నూలు చీరను ఓడకు మాత్రం తీసుకెళ్లకండి. బల్ల ముందు కూర్చుని సూపు తాగి లేచేసరికి వెనక అంతా ముడతలే.

ముడతల గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఓడవాళ్లు తుపానుకన్నా మంటకు ఎక్కువ భయపడతారు. అందుకని ఇస్త్రీపెట్టె, ఆవిరి ఇస్త్రీ, కొవ్వొత్తులు, అగరుబత్తులు గదిలోకి రానివ్వరు. రేవులో సామాను తనిఖీలో దొరికితే తీసి దాచి, దిగే రోజు చేతిలో పెడతారు. కొన్ని ఓడల్లో ప్రయాణికులు వాడుకోవడానికి ఇస్త్రీ గది ఉంటుంది. కొన్నింటిలో డబ్బు కట్టి చేయించుకోవాలి. నేను చేసేది ఒకటే: గదిలోకి వెళ్లగానే చీర తీసి స్నానాల గదిలో హ్యాంగరుకు వేలాడదీసి, తలుపు మూసి వేడినీళ్ల స్నానం చేస్తాను. ఆ ఆవిరికి సగం ముడతలు సర్దుకుంటాయి. మిగతా సగం కుచ్చిళ్లలోకి వెళ్లిపోతాయి.

మరో సంగతి, ఎవరూ ముందుగా చెప్పరు. ఓడ ఎక్కే రోజు పెద్ద పెట్టెలు రేవులోనే కూలీలకు అప్పగిస్తారు. అవి గది ముందుకు చేరేసరికి సాయంత్రం అవుతుంది, ఒక్కోసారి భోజనాల వేళ కూడా దాటుతుంది. మొదటి రాత్రిని క్యాజువల్‌గా ఉంచేది అందుకే. ఆ పూటకు కట్టుకునే బట్టలు, మందులు, పాస్‌పోర్టులు చేతిసంచిలోనే ఉంచుకోండి. ఒక శాలువా కూడా. భోజనాల హాలులో ఏసీ ఎముకలు కొరుకుతుంది, బయట డెక్కు మీదేమో గాలి కొంగును నిలవనివ్వదు. పిన్నులు నాలుగు ఎక్కువే పెట్టుకోండి.

భోజనానికి మన పెళ్లిళ్లలోలాగే పంక్తులు ఉంటాయి. మొదటిది ఐదున్నర, ఆరు మధ్య, రెండోది ఎనిమిది ప్రాంతంలో. మీరు రెండోదే తీసుకోండి. ఐదున్నరకు పట్టుచీర కట్టుకుని కూర్చోవాలంటే, బయట సముద్రం చూడాల్సిన మధ్యాహ్నం పూట మీరు అద్దం ముందు ఉంటారు. శాకాహారులైతే వడ్డించే అతనికి మొదటి రాత్రే చెప్పండి. చాలా ఓడల్లో మర్నాటికి పప్పు, కూర, అన్నం తయారుచేసి పెడతారు.

కీళ్పాక్కం నుంచి:

తిరువాన్మియూరు అక్కగారు చెప్పినవాటిలో పంచె విషయం ఒక్కటే నాకు కాస్త తేడాగా ఉంది. ఓడలో పంచెను ఎవరూ వద్దనరు, నిజమే. కానీ శుభకార్యాలకు తప్ప పంచెతో బయటికి వెళ్లని మనిషి, కదిలే నేల మీద, నాలుగైదు అంతస్తుల మెట్లతో, మూడు గంటలు దాన్ని కాపాడుకుంటూ భోజనం చేయాలి. బావగారికి అది హాయిగా ఉంటుందో లేదో ఆయన్నే అడగండి. కట్టుకుంటానంటే వెల్క్రో, జేబు ఉన్న పంచెలు టి. నగర్‌లో ఏ పంచెల దుకాణంలోనైనా దొరుకుతాయి. పెద్దవాళ్లు నవ్వుతారు గానీ జారదు.

వద్దంటే ముదురు రంగు ప్యాంటు, పూర్తి చేతుల చొక్కా, తోలు బూట్లు. పైన అబ్బాయి అలమారాలోంచి ఒక టై. అంతే, మధ్యరకం ఓడలకు ఇది చాలు. ఇంకొంచెం నిండుగా కావాలంటే జోధ్‌పురి కోటు అద్దెకు తీసుకోండి. మెడ దాకా బొత్తాలు ఉంటాయి కాబట్టి టై గొడవ లేదు, మళ్లీ మన దుస్తుల్లాగే ఉంటుంది.

ఇంకో మాట. అబ్బాయి రోజూ ఫోను చేసి సూటు సూటు అంటున్నాడంటే, అక్కడ తన అమ్మానాన్నలను ఎవరైనా వింతగా చూస్తారేమోనని వాడికి లోపల బెంగ ఉండి ఉంటుంది. వాడిని కసరకండి. ఆ ఓడలో కిందటి ప్రయాణాల ఫార్మల్ రాత్రి ఫోటోలు వాడినే వెతికి చూడమనండి, చీరలు, షేర్వాణీలు వాడి కళ్లకే కనిపిస్తాయి. మేము చెన్నై రేవు నుంచి ఎంప్రెస్ ఓడలో విశాఖ వెళ్లినప్పుడు హాలులో సగం పట్టుచీరలే. 2022 జూన్‌లో ఇక్కడి నుంచి మొదలైన ఓడ అది. సింగపూరులో సగం ఉండకపోయినా మీరు ఒంటరి మాత్రం కారు.

అన్నానగర్ నుంచి:

ఆంటీ, నేను చిన్నదాన్ని, రెండే రెండు మాటలు. రేపటి భోజనానికి ఏం వేసుకోవాలన్నది ముందు రోజు సాయంత్రమే ఓడ వారి యాప్‌లో వస్తుంది. కొన్నిసార్లు ఫార్మల్ కాకుండా 'అందరూ తెల్లరంగు' అని కూడా పెడతారు. ఇష్టమైతేనే వేసుకోవచ్చు, బలవంతం లేదు. అంకుల్ లాల్చీ పంచె ఆ రోజుకు కూడా సరిపోతాయి!

ఈ చర్చ చదివే మిగతావాళ్ల కోసం: మీ పిల్లలు అమెరికా నుంచి కరీబియన్ దీవుల ఓడకు తీసుకెళుతుంటే, సైనికుల ఆకుపచ్చ మచ్చల దుస్తులు పెట్టెలో పెట్టకండి. బార్బడోస్, జమైకా వంటి చోట్ల మామూలు జనం అవి వేసుకోవడం చట్టరీత్యా నేరం. చిన్నపిల్లల నిక్కర్లతో సహా.

పెరుంగుడి నుంచి:

అందరికీ కృతజ్ఞతలు. మావారు చేపాక్కం కథ విని పంచెకే ఓటు వేశారు. నాది ఉప్పాడ. మిగిలినవి మూడు అనుమానాలు. నగలు ఎన్ని తీసుకెళ్లాలి? చిన్న ఎలక్ట్రిక్ కుక్కరు పెట్టుకోనా? అక్కడ ఫోటోలు తీసేవాళ్లు ఉంటారట, డబ్బు ఎంత అడుగుతారో?

తిరువాన్మియూరు నుంచి:

కుక్కరు ఇంట్లోనే ఉంచండి వదినగారూ, ఇస్త్రీపెట్టెకు పట్టిన గతే దానికీ పడుతుంది. ఆవకాయ సీసా గట్టిగా మూత బిగించి పెద్ద పెట్టెలో పెట్టుకోండి, కానీ సింగపూరులో దిగేటప్పుడు ఏమేమి తినుబండారాలు అనుమతిస్తారో అబ్బాయిని కనుక్కోమనండి.

నగల్లో ఒంటి మీద రోజూ ఉండేవి, ఆ రాత్రికి ఒక గొలుసు, జుంకాలు చాలు. అంతకు మించి బంగారం తీసుకెళితే, వెళ్లేటప్పుడే మన విమానాశ్రయంలో కస్టమ్స్ వారికి చూపించి ధ్రువపత్రం తీసుకోవాలి. లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు అది ఇక్కడి నుంచి తీసుకెళ్లిందేనని రుజువు చేసుకోవడం మీ పని అవుతుంది. గదిలో అంకెల తాళం ఉన్న చిన్న పెట్టె ఉంటుంది, తీసినవన్నీ అందులో పెట్టండి.

ఫార్మల్ రాత్రి మెట్ల దగ్గర తెరలు కట్టి ఫోటోలు తీస్తారు. ఫోటో దిగడానికి డబ్బు అడగరు, కొంటేనే. ధర ఒళ్లు మండేలా ఉంటుంది. నలుగురి ముందూ నిలబడి ధీమాగా దిగండి, నచ్చితే ఒక్కటి కొనండి, మిగతావి అబ్బాయి ఫోనులో.

రెండో పంక్తి దొరికిందో లేదో ఇవాళే అబ్బాయిని అడగండి. ఓడ ఎక్కాక మార్చుకోవాలంటే వరుసలో నిలబడాలి.