‘సార్ లేరా మేడం?’: సీమలో వ్యాపారం నడిపే ఆడవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

చెనిక్కాయల మిల్లు (అనంతపురం)

అందరికీ నమస్తే. మా నాన్న పోయాక ఈ వేరుశనగ మిల్లు నా చేతికొచ్చి నాలుగేళ్లయింది. కాయ ఒలిచే మిషన్ ఒకటి, గ్రేడింగ్ జల్లెడలు, సీజన్‌లో ఇరవై మంది పనివాళ్లు. లైసెన్సు, జీఎస్టీ, అప్పు అన్నీ నా పేరు మీదే. అయినా గేటు దాటి లోపలికొచ్చే ప్రతి మనిషి మొదటి మాట ‘సార్ లేరా మేడం?’

పోయిన నవంబరులో జరిగింది చెప్తాను. కొత్త దలారి ఒకాయన లారీ కాయ తెచ్చాడు. ఎప్పటిలాగే నాలుగైదు మూటల అడుగు నుంచి గుప్పెడు గుప్పెడు తీయించి, కలిపి, వంద గ్రాములు తూచి ఒలిపించాను. గింజ 64 గ్రాములు వచ్చింది. ఆయన చెప్పింది 70. పై మూటల్లో మంచి కాయ, అడుగున పచ్చి కాయ. ఎండిన కాయ చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది, ఇది పలకనే లేదు. రేటు తగ్గిస్తానన్నాను. ఆయన నాతో మాట్లాడటం ఆపేసి మా గుమాస్తా వైపు తిరిగి, ‘ఏం పెద్దాయనా, నువ్వన్నా చెప్పు’ అన్నాడు. గుమాస్తాకు జీతమిచ్చేది నేను! ఆయన పాపం తల వంచుకుని చిట్టా తిరగేస్తూ కూర్చున్నాడు. అరగంటకు నేను చెప్పిన రేటుకే ఒప్పుకున్నాడు, కానీ బేరం ఖాయమని చేయి కలిపింది మాత్రం గుమాస్తాతో.

‘రేటు దక్కింది కదమ్మా, చేయి ఎవరితో కలిపితే ఏం’ అంటుంది మా అమ్మ. ఏమో మరి, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీకూ ఇలాంటివి ఉంటే రాయండి.

బేతంచెర్ల బండలు

అక్కా, మీకు గుమాస్తా, నాకు మా తమ్ముడు. వాడింకా బీటెక్ చదువుతున్నాడు, పాలిష్ మిషన్‌కు ఏ రాయి ఎప్పుడు మార్చాలో కూడా తెలీదు. సెలవులకు ఇంటికొచ్చి ఫ్యాక్టరీలో కుర్చీ వేసుకుని సెల్ చూసుకుంటుంటే, వచ్చిన పార్టీ నేరుగా వాడి దగ్గరికే పోతుంది.

అది నవ్వుకుని వదిలేయొచ్చు. నన్ను దెబ్బ కొట్టేది అసోసియేషన్ మీటింగులు. రాత్రి ఎనిమిదింటికి, ఊరి బయట దాబాలో. అడుగుకు రేటెంత, లారీ కిరాయి ఎంత, కరెంటు చార్జీల గురించి ఎవరిని కలవాలి, అన్నీ అక్కడే తేలిపోతాయి. మర్నాడు పొద్దున నాకు వాట్సాప్‌లో తీర్మానం వస్తుంది. ఒకసారి పట్టుబట్టి పోయాను. అందరూ గ్లాసులు టేబుల్ కింద పెట్టుకున్నారు. ముక్కాలు గంట సేపు ఎండల గురించీ, పిల్లల ర్యాంకుల గురించీ మాట్లాడారు. ‘పొద్దుపోయింది, మీరు బయల్దేరండమ్మా’ అని ఎంతో మర్యాదగా కారు దాకా వచ్చి సాగనంపారు. అసలు మీటింగ్ ఆ తర్వాత మొదలైందని మా పక్క ఫ్యాక్టరీ ఆయనే చెప్పాడు.

ఒక్కరు కూడా నన్ను ఒక్క చెడ్డ మాట అనలేదు. ఎవరి మీదని కంప్లైంట్ చేయను?

ఆదోని పత్తి

అక్కయ్యలు ఏమీ అనుకోకండి. మగవాళ్లకు మాత్రం పూలదండలు వేస్తారా? యార్డులోకి కొత్తగా ఎవరొచ్చినా ఆడుకుంటారు. మా నాయన ఉన్నన్నాళ్లూ నన్ను ‘చిన్నోడు’ అనే పిలిచారు, నా మాటకు విలువే లేదు. తడి పత్తి నాకూ అంటగట్టారు. ఇది ఆడ మగ సంగతి కాదు, అనుభవం సంగతి.

చెనిక్కాయల మిల్లు (అనంతపురం)

అన్నా, అందులో నిజం లేకపోలేదు. ఒక్కటి చెప్పండి, మీరు ‘చిన్నోడు’ నుంచి ‘సేటు’ అయ్యేందుకు ఎన్నాళ్లు పట్టింది?

ఆదోని పత్తి

రెండు సీజన్లు.

చెనిక్కాయల మిల్లు (అనంతపురం)

నాకు నాలుగు గడిచాయి. ఇంకా ‘పాప’నే.

రాయదుర్గం మిషన్

మీ ఇద్దరికీ తండ్రుల ఆస్తి ఉంది. నాకు అది కూడా లేదు, కుట్టు మిషన్ మీద పైకొచ్చినదాన్ని. పీసుకింత అని జీన్స్ కుట్టేదాన్ని, ఇప్పుడు నా షెడ్డులో 14 మిషన్లున్నాయి. కట్ చేసిన గుడ్డ బళ్లారి నుంచి వస్తుంది, కుట్టి పంపిస్తాం.

మిషన్లు పెంచుదామని బ్యాంకుకు పోతే ‘మీ ఆయన్ని తీసుకురండి, కో-అప్లికెంట్ కావాలి’ అన్నారు. మా ఆయన ఆరేళ్లుగా ఏ ఊళ్లో ఉన్నాడో నాకే తెలీదు. ఆ మాట కౌంటర్ దగ్గర పది మందిలో చెప్పుకోవాల్సి వచ్చింది. ‘అయితే అన్నదమ్ములెవరైనా?’ అన్నారు. లేచి వచ్చేశాను. నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట తెచ్చా. అసలు కంటే వడ్డీ ఎక్కువ కట్టానేమో, లెక్క వేసుకోవాలంటేనే భయం.

రిటైర్డ్ ఫీల్డాఫీసర్

అమ్మా, ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసినవాణ్ని కాబట్టి ఒప్పుకుంటాను. ఆ మాట నేనూ చాలామందిని అడిగాను. భర్త సంతకం ఉండి తీరాలని ఏ రూల్లోనూ లేదు. ఊళ్లో లేని మనిషి సంతకంతో అప్పు వసూలవుతుందా? రేపు బాకీ మొండికేస్తే ‘ఎవరిని చూసి ఇచ్చావ్’ అని పైవాళ్లు అడుగుతారనే భయం, అంతే. వేరే ఊరికి బదిలీ అయిపోయేదాకా ఫైలు సాఫీగా ఉంటే చాలనుకుంటాం.

మీకు పనికొచ్చేవి రెండు చెప్తాను. చిన్న పరిశ్రమల అప్పులకు 10 లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు 2010లోనే చెప్పింది. ఆపైన కూడా ప్రభుత్వ గ్యారంటీ పథకం కింద తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు, ఆ గ్యారంటీకి కట్టే ఫీజులో మహిళలకు తగ్గింపు కూడా ఉంది. రెండోది, అప్పు ఇవ్వలేమని అంటే ‘సరే సార్, కారణం కాగితం మీద రాసివ్వండి’ అనండి. నోటితో కాదనడం సులభం. రాసివ్వమంటే మేనేజరు ఫైలు మళ్లీ తెరుస్తాడు. నా అనుభవంలో చూసిందే.

2016లో స్టాండప్ ఇండియా వచ్చినప్పుడు ప్రతి బ్రాంచీ కనీసం ఒక మహిళకు, ఒక ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తికి 10 లక్షల నుంచి కోటి దాకా కొత్త యూనిట్‌కు ఇవ్వాలన్నారు. మంచి పథకమే. కానీ కొన్ని దరఖాస్తుల్లో యూనిట్ గురించి ఏం అడిగినా మేడం పక్కనున్న ఆయనే చెప్పేవాడు. మేమూ ఆయన్నే అడిగేవాళ్లం.

ఓర్వకల్లు అక్క

మా మండలం పొదుపు సంఘాలకు పేరుపడింది. మండల సంఘం ఆడవాళ్లే బాలభారతి బడి కూడా పెట్టారు. మీరు కర్నూలు వైపు వచ్చినప్పుడు చూడండి. నేను ఊరి సంఘానికి లీడర్‌గా చేశా. వసూళ్లు, తీర్మానాలు, బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు అప్పు ఇప్పించడం) అన్నీ చూసుకున్నా. సంఘం తరఫున పోతే బ్యాంకులో కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు.

అదే నేను, అదే బ్రాంచి. కొర్ర, సజ్జ పిండి మిషన్ పెడతానని సొంతంగా పోతే ‘మీ ఆయన ఏం చేస్తాడమ్మా’ అన్నారు. ఇన్నేళ్లు పది మంది బాకీ ఒక్క వాయిదా తప్పకుండా కట్టించిన మనిషిని నేను. పది మందిలో ఉంటే నమ్మకం, ఒంటరిగా పోతే అనుమానం. ఇదేం లెక్కో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. ఫీల్డాఫీసర్ సార్, దీనికి మీ దగ్గర జవాబుందా?

రిటైర్డ్ ఫీల్డాఫీసర్

లేదమ్మా.

ప్రొద్దుటూరు బట్టలకొట్టు

చదువుతూ చదువుతూ ఆగలేక రాస్తున్నా. నాది వేరే కథ. మీరంతా పని మీరు చేస్తే పేరు వేరేవాళ్లకు పోయింది. నాకు పేరు మాత్రమే వచ్చింది.

మా హోల్‌సేల్ బట్టల వ్యాపారం పదేళ్లు నా పేరు మీద ఉంది. ప్రొప్రైటర్ నేను. కొట్టుకు మాత్రం దసరా పూజ రోజు పోయి టెంకాయ కొట్టేదాన్ని. ఆయన చెక్కుబుక్కు తెచ్చి ఇస్తే వంటింటి గట్టు మీదే పెట్టుకుని, చెయ్యి కొంగుకు తుడుచుకుని, పది పదిహేను ఖాళీ చెక్కుల మీద సంతకం చేసి ఇచ్చేదాన్ని. ‘ఎందుకు’ అని అడగడం కూడా తోచేది కాదు. ఒకరోజు పోస్ట్‌మ్యాన్ రిజిస్టర్ పోస్టు తెచ్చాడు. సూరత్ పార్టీ లాయర్ నోటీసు. చెక్కు బౌన్స్ అయింది, 15 రోజుల్లో కట్టకపోతే కేసు. నిందితురాలు నేను.

మా ఆయన చెడ్డవాడు కాదు. చీట్లలో ఇరుక్కున్నాడు, ఇంట్లో చెప్పుకోలేకపోయాడు. కోర్టు మెట్లెక్కింది మాత్రం నేను. ఆ తర్వాతే కొట్లో కూర్చున్నా. మొదటి నెలంతా పాత బిల్లులు నేల మీద పరిచి పార్టీల వారీగా కుప్పలు పెట్టడమే పని. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుంచి రావాలి. రావాల్సిందే ఎక్కువ తేలింది, అడిగేవాళ్లు లేక ఆగిపోయింది! మూడేళ్లలో వాయిదాల మీద తీర్చేశాం. ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర నేనే. ఆయన సరుకు చూసుకుంటాడు, దాంట్లో ఆయన కన్ను మంచిది.

కర్నూలు ఆడిటర్

ప్రొద్దుటూరు మేడం రాసింది ప్రింటు తీసి నా ఆఫీసులో అంటించాలనిపిస్తోంది. నా దగ్గర ఆడవాళ్ల పేరున ఉన్న ఫైళ్లు బాగానే ఉన్నాయి. సంతకానికి వచ్చే ఆడవాళ్లు తక్కువ, కాగితాలే ఇంటికి పోయి వస్తాయి. చెక్కు మీద సంతకం ఎవరిదో కేసు వాళ్ల మీదే. చెక్కు బౌన్సులకు వర్తించే 138 సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ‘నాకేం తెలీదు, ఆయనే చూసుకుంటాడు’ అన్న మాటను నమ్ముకుని కోర్టుకు పోకండి.

చిన్న ఊళ్లలోనే ఇలా అనుకోకండి. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల (షేర్లు మార్కెట్లో ఉన్నవాటి) బోర్డులో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలంది. చాలా చోట్ల ఆ కుర్చీలోకి ప్రమోటర్ గారి భార్యో కూతురో వచ్చారు. చివరికి షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ, కుటుంబానికి సంబంధం లేని స్వతంత్ర మహిళా డైరెక్టర్ ఉండాలని 2019 ఏప్రిల్ నుంచి మార్కెట్ విలువలో మొదటి 500 కంపెనీలకు, 2020 నుంచి మొదటి 1000 కంపెనీలకు రూల్ పెట్టాల్సి వచ్చింది. వంటింటి గట్టు మీద చెక్కుబుక్కు అక్కడా ఉంది, గట్టు గ్రానైట్‌ది, అంతే తేడా.

బేతంచెర్ల బండలు

ఆడిటర్ గారూ, గ్రానైట్‌ను ఏమీ అనకండి, మాకు పోటీ అయినా సరే :)

రాయదుర్గం మిషన్

మిల్లు అక్కా, అడగొచ్చో లేదో. మీకు అన్నదమ్ములున్నారా? మిల్లు మీకెలా వచ్చింది?

చెనిక్కాయల మిల్లు (అనంతపురం)

అడగొచ్చు. అన్న ఉన్నాడు, బెంగళూరులో ఉద్యోగం. నాన్న ఉన్నప్పుడే చివరి ఐదేళ్లూ మిల్లు చూసింది నేను. ఆయనకు కళ్లు సరిగా కనబడక గింజ గ్రేడు 50/60నా, 60/70నా అనేది కూడా నేనే చెప్పేదాన్ని. నాన్న పోయిన పన్నెండో రోజు, ఇంకా షామియానా విప్పలేదు, పెద్దనాన్న ఒక కాగితం తెచ్చి ‘సంతకం పెట్టు తల్లీ, ఆడపిల్లవి, పసుపు కుంకుమల కింద నీకేం కావాలో మీ అన్న పెడతాడు’ అన్నారు. రిలీజ్ డీడ్, అంటే ఆస్తిలో నా హక్కు వదులుకుంటున్నట్టు పత్రం. చదివి పెడతానన్నాను. ‘చదవడానికేముంది?’ అన్నారు. అప్పటికప్పుడు ఇంట్లో నేను అందరికీ చెడ్డదాన్నయిపోయా.

సంతకం పెట్టలేదు. ఏడాది తర్వాత మిల్లు నాకు, ఊళ్లో ఇల్లూ చేనూ అన్నకు అని రాసుకున్నాం. అన్నకు కోపం పోలేదు. వాళ్ల గృహప్రవేశానికి పిలుపు కూడా మా అమ్మకు ఒక్కదానికే వచ్చింది. మిల్లు నడపడం కంటే అది కష్టం.

కర్నూలు ఆడిటర్

చదువుతానన్న మీ మాట వంద రూపాయల స్టాంపు పేపర్ల కట్ట కంటే విలువైంది. చాలామందికి తెలియనిది, హిందూ కుటుంబాల పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ దేశమంతటికీ చట్టం వచ్చింది 2005లో. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో 1985 సెప్టెంబరు నుంచే ఉంది, కాకపోతే అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించేది కాదు. 2005 చట్టం వాళ్లకూ ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి స్వార్జితమైతే, వీలునామా రాయకుండా పోతే, కూతురికి వాటా ముందునుంచీ ఉన్నదే. బ్యాంకులో తాకట్టు పెట్టడానికి ఆడవాళ్లకు ఆస్తి ఎందుకుండదో ఈ పన్నెండో రోజు కాగితాలు చూస్తే తెలుస్తుంది.

ఆదోని పత్తి

మా చెల్లెలి చేత కూడా అలాంటి కాగితం మీదే సంతకం పెట్టించాం. ఇక్కడ రాయకూడదేమో. పొద్దున నుంచి అదే తిరుగుతోంది బుర్రలో.

రాయదుర్గం మిషన్

ఆడిటర్ సార్, నాదొక అర్జంటు డౌటు. నాకు పని ఇచ్చే పార్టీ కుట్టుకూలి నాలుగు నెలలకు ఇస్తోంది. గట్టిగా అడిగితే ‘ఇంకో షెడ్డు చూసుకుంటాం’ అంటారు. పక్క షెడ్డు ఆయనకు మాత్రం నెల తిరక్కుండా ఇస్తారు. ఆయన పోయి టేబుల్ గుద్దుతాడు, నేను గుద్దితే ‘నోరు పెద్దది’ అంటారు. చిన్న యూనిట్లకు 45 రోజుల్లో ఇవ్వాలని ఏదో ఉందంట?

కర్నూలు ఆడిటర్

ఉంది. చిన్న పరిశ్రమల కోసం వచ్చిన 2006 ఎమ్ఎస్ఎమ్ఈ చట్టం. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ అడగొచ్చు. ఇదివరకు ఎవరూ భయపడేవాళ్లు కాదు. 2024 ఏప్రిల్ నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఒక మెలిక వచ్చింది. గడువు దాటించి ఆ ఏడాది కట్టకపోతే, ఆ ఖర్చును పార్టీ ఆ ఏడాది లెక్కలో చూపించుకోలేదు, అంటే ట్యాక్స్ పెరుగుతుంది. మార్చి నెలలో వాళ్ల ఆడిటరే మీకు డబ్బు వేయమంటాడు. మీకు ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) రిజిస్ట్రేషన్ ఉందా?

రాయదుర్గం మిషన్

ఉంది. నెట్ సెంటర్ వాడు 1500 తీసుకుని చేశాడు.

కర్నూలు ఆడిటర్

అది ఉచితం అమ్మా. సరే, అయిపోయింది కదా. ఆ నంబరు మీ బిల్లు పైన ప్రింటు వేయించండి. టేబుల్ గుద్దక్కర్లేదు.

రాయదుర్గం మిషన్

ఆ రోజులు బిల్లు తేదీ నుంచి లెక్కనా, సరుకు పోయిన రోజు నుంచా? వాళ్లు బిల్లే నెల తర్వాత తీసుకుంటారు.

కర్నూలు ఆడిటర్

సరుకు వాళ్లకు అందిన రోజు నుంచి. బాగాలేదని 15 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పకపోతే ఒప్పుకున్నట్టే.

రాయదుర్గం మిషన్

అయితే సరుకుతో పంపే చలానా మీద తేదీ వేయించి సంతకం తీసుకోవాలన్నమాట. ఇన్నాళ్లూ డ్రైవర్ చేతికిచ్చి పంపేదాన్ని. రేపు 600 పీసుల లోడు పోతుంది, నేనే వెంట పోతా.

చెనిక్కాయల మిల్లు (అనంతపురం)

చలానా రెండు కాపీలు తీసుకుపో చెల్లీ. సంతకం పెట్టింది నీ దగ్గరే ఉంచుకో.