సీటీసీ 24 వేలు అన్నారు, మా తమ్ముడికి చేతికి 17,003 వచ్చింది, లెక్క తెలిసినోళ్ళు చెప్పండి

సింగరాయకొండ అక్క:

అందరికీ నమస్తే అండీ. మా తమ్ముడు డిప్లొమా అయ్యాక నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో క్వాలిటీ సెక్షన్లో చేరాడు, కంపెనీ పేరు వద్దులెండి. ఆఫర్ లెటర్లో ఏడాదికి 2,88,000 అని రాశారు, అంటే నెలకి 24 వేలు గదా అని మా అమ్మ దాన్నిబట్టి ఒక చీటీకి కూడా ఒప్పేసుకుంది. తీరా జీతం పడితే 17,003. రెండు రోజులు నాగా ఉంది నిజమే, మా బాబాయి కూతురి పెళ్లి, కాదనను, కానీ 20 గంటలు ఓటీ కూడా చేశాడు గదా, అదంతా యాడికి పోయింది? వాడిని అడిగితే "కటింగులు అక్కా" అంటాడు, అంతకుమించి వాడికీ తెలీదు. స్లిప్పులో ఉన్నది ఉన్నట్టు కొడతన్నా:

బేసిక్ 12,000
హెచ్ఆర్ఏ (ఇంటద్దె) 4,800
స్పెషల్ అలవెన్స్ 3,000
గ్రాస్ 19,800
ఎల్ఓపీ (నాగా కోత) 2 రోజులు, తీసేసింది 1,523
ఓటీ 20 గంటలు, కలిపింది 1,000
పీఎఫ్ 1,329
ఈఎస్ఐ 145
పీటీ 150
యూనిఫాం, బూట్లు 650
నెట్ 17,003

24 వేలకీ 19,800కీ మధ్య డబ్బులు ఏమైనట్టు? ఓటీ గంటకి 50 రూపాయలేనా? మా ఊళ్ళో కూలికి పోయినా అంతకంటే ఎక్కువొస్తది.

బస్టాండ్ బాచీ:

సీటీసీ అంటే జీతం కాదక్కా, మీ వాడి మీద కంపెనీకి పడే మొత్తం ఖర్చు. ఆఫర్ లెటర్ చూసి చీటీ ఎత్తకూడదు, స్లిప్పు చూసి ఎత్తాలి 😄

జీతాల గుమాస్తా (నెల్లూరు):

బాచీ నవ్వాడు గానీ మాట నిజమే. నేను ఇక్కడే ఒక చిన్న కంపెనీలో పేరోల్ చూస్తాను కాబట్టి వరసగా చెప్తా, కొంచెం పొడుగవుద్ది.

ముందు 24 వేల సంగతి. గ్రాస్ 19,800 పోతే మిగతా 4,200 కంపెనీ తన వాటాగా కట్టేవి. కంపెనీ పీఎఫ్ 12 శాతం, దాని మీద ఇన్సూరెన్స్ అర శాతం, అడ్మిన్ చార్జీ అర శాతం, వెరసి 13 శాతం, బేసిక్ 12,000 మీద 1,560. ఈఎస్ఐలో కంపెనీ వాటా 3.25 శాతం, గ్రాస్ మీద, 644. గ్రాట్యుటీ కింద 4.81 శాతం చూపిస్తారు, 577. బోనస్ 8.33 శాతం చూపిస్తే ఇంకో వెయ్యి. ఇవన్నీ కూడితే 3,781 అయింది. ఇంకా 419 మిగిలింది, ఆఫర్ లెటర్ రెండో పేజీలో క్యాంటీన్ అనో గ్రూప్ ఇన్సూరెన్స్ అనో ఏదో ఒకటి రాసుంటారు చూడండి, గుండ్రటి అంకె రావడానికి మేం అట్టాంటిది ఒకటి పెట్టడం మామూలే.

వీటిలో మీ వాడికి నిజంగా దక్కేవి ఏంటంటే పీఎఫ్ వాటా దక్కుద్ది, బోనస్ ఏడాదికి ఒకసారి ఇస్తారు (ఏడాదిలో 30 రోజులన్నా పనిచేసుండాలి), ఈఎస్ఐ డబ్బుగా రాదు గానీ ఇంట్లో వాళ్ళకి వైద్యం ఉంటది, మీ అమ్మని కూడా డిపెండెంట్‌గా రాయించండి మర్చిపోకుండా. గ్రాట్యుటీ మాత్రం పర్మినెంట్ వాళ్ళకి అయిదేళ్ళు నిండితేనే, మధ్యలో మానేస్తే ఆ 577 కాగితం మీద అంకె అంతే. ఫిక్స్‌డ్ టర్మ్ మీద తీసుకుంటే కొత్త లేబర్ కోడ్‌లో ఏడాదికే వస్తది, అందుకని అపాయింట్‌మెంట్ లెటర్లో ఏం రాశారో ఒకసారి చదవండి.

ఇక కటింగులు. పీఎఫ్ 12 శాతం, నాగా పోను బేసిక్ 11,077 అయింది, దాని మీద 1,329 కరెక్టే. ఈఎస్ఐ మనవైపు 0.75 శాతం, ఓటీ కలిపి 19,277 మీద 144.58, పైసలుంటే పై రూపాయికి తీసుకుంటారు కాబట్టి 145 కరెక్టే. పీటీ అంటే వృత్తి పన్ను, మన రాష్ట్రంలో 15 వేల దాకా లేదు, 15,001 నుంచి 20 వేల దాకా 150, ఆపైన 200. అదీ కరెక్టే.

తేడా కొట్టేది ఓటీ దగ్గర. అది వేరేగా రాస్తా, ఇప్పుడు భోజనానికి పోవాలి.

చీమకుర్తి రాయి:

గుమాస్తా గారు తిని వచ్చేలోపు నేను చెప్తా, ఈ 26, 30 ఆట మా గ్రానైట్ ఫ్యాక్టరీల్లో చూసీ చూసీ ఉన్నా. స్లిప్పులో రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడక్కా. నాగాకి 1,523 కోశారు, అంటే 19,800ని 26తో భాగించి రెండుతో హెచ్చించారు. ఓటీకి గంటకి 50 ఇచ్చారు, అంటే 12,000ని 30తో భాగించి మళ్ళీ 8తో భాగించారు. కోసేటప్పుడు నెలకి 26 రోజులంట, ఇచ్చేటప్పుడు 30 రోజులంట! కోసేటప్పుడు గ్రాస్ మీద, ఇచ్చేటప్పుడు ఒట్టి బేసిక్ మీద. పైగా ఓటీకి డబుల్ ఇయ్యాలి, సింగిలే ఇచ్చారు. ఇంత తెలివి ఎక్స్‌పోర్టులో పెడితే బాగుపడతారు గదా.

జీతాల గుమాస్తా (నెల్లూరు):

చీమకుర్తి ఆయన పట్టేశాడు. 30తో భాగించినా 26తో భాగించినా కంపెనీలు రెండూ వాడతాయి, కానీ ఒకే పద్ధతి రెండు వైపులా వాడాలి.

ఓటీ డబుల్ అనేది కొత్త సంగతేం కాదు, 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ నుంచీ ఉంది, 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాక కూడా డబులే. దేని మీద డబుల్ అన్న దాంట్లోనే చిన్న పేచీ. పాత చట్టంలో బేసిక్‌తో పాటు అలవెన్సులు కూడా కలపమన్నారు. కొత్త కోడ్‌లో వేజెస్ లెక్క నుంచి హెచ్ఆర్ఏ, కన్వేయన్స్ లాంటివి తీసేశారు, కానీ స్పెషల్ అలవెన్స్ ఆ మినహాయింపుల్లో లేదు. కాబట్టి కంపెనీకి అనుకూలంగా చూసినా 12,000 + 3,000, అంటే 15,000 మీద వెయ్యాలి.

26 పద్ధతి అయితే 15,000 ÷ 26 ÷ 8 అంటే గంటకి 72.12, డబుల్ 144.23, 20 గంటలకి 2,885. నాగా కోత 1,523 అట్టాగే ఉంటది. మీ వాడికి తగ్గింది 1,885.
30 పద్ధతి అయితే గంటకి 62.50, డబుల్ 125, 20 గంటలకి 2,500, నాగా కోత 1,320కి దిగుద్ది. తగ్గింది 1,500 + 203 = 1,703.

ఎటు తిప్పినా 1,700కి తక్కువ లేదు. ఒక మెలిక ఉంది, 26 ప్రకారం సరిచేస్తే ఆ నెల మొత్తం 21,162 అయ్యి 20 వేలు దాటుద్ది కాబట్టి పీటీ 150 బదులు 200, ఈఎస్ఐ 145 బదులు 159 పడుద్ది. చేతికి 1,821 అదనంగా వస్తది, 1,885 రాలేదని మళ్ళీ పోట్లాటకి పోవద్దు. 21 వేలు దాటితే ఈఎస్ఐ పోద్దేమో అని కొందరు భయపెడతారు, ఓటీ డబ్బు ఆ పరిమితి లెక్కలోకి రాదు, చందా మాత్రం దాని మీద కూడా పట్టుకుంటారు.

బూట్ల 650 కూడా అడగండి. రొయ్యల ప్లాంటులో నీళ్ళలో నిలబడే పని, బూట్లూ గ్లౌజులూ భద్రత కోసం ఇచ్చేవి, వాటికి పనిచేసేవాడి దగ్గర డబ్బు పట్టకూడదు. ఒట్టి యూనిఫాం వరకే అయితే లెటర్లో రాసుందేమో చూడాలి.

పాస్‌బుక్ పిచ్చోడు:

పీఎఫ్ కరెక్టే అన్నారు గానీ గుమాస్తా గారూ, నేను ఒప్పుకోను. స్పెషల్ అలవెన్స్ అందరికీ ఇచ్చేది అయితే దాని మీద కూడా పీఎఫ్ పట్టాలని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది గదా. పూర్తి నెలకి 15,000 మీద 1,800 పోవాలి, 1,440 కాదు. అక్కా, దీనివల్ల మీ తమ్ముడికి చేతికొచ్చేది ఇంకో 360 తగ్గుద్ది, కంపెనీ కూడా ఇంకో 360 వెయ్యాలి, కంపెనీలు ఎగ్గొట్టేది ఆ రెండో 360 కోసం. నా మట్టుకు నేను కట్టించుకోమంటాను, కుర్రోడు పెళ్లి కానోడు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు దాస్తాడు.

ఇంకోటి, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) పాస్‌బుక్ తెరిస్తే కంపెనీ వాటా ఏందిరా నాలుగొందలే ఉంది అని కంగారు పడొద్దు. కంపెనీ 12 శాతంలో 8.33 పెన్షన్ ఖాతాకి పోద్ది (ఎంత జీతమైనా 1,250 మించదు), మిగతా 3.67 మాత్రమే పీఎఫ్‌లో కనపడుద్ది. ఈ నెలకైతే 923 పెన్షన్‌లో, 406 పీఎఫ్‌లో ఉండాలి. అసలు పడ్డాయా లేదా అనేది ముఖ్యం, స్లిప్పులో కోసి అక్కడ కట్టని మహానుభావులు కూడా ఉంటారు.

జీతాల గుమాస్తా (నెల్లూరు):

స్పెషల్ అలవెన్స్ సంగతి మీరన్నదే రైటు. నేను స్లిప్పు లోపలి లెక్క సరిపోయిందా అని మాత్రమే చూశాను.

ముత్తుకూరు రోడ్డు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా అమ్మ కూడా రొయ్యల షెడ్డుకే పోతది, తలలు తీసే పని, కేజీకి ఇంత అని ఇస్తారు, కాంట్రాక్టరు మనిషి శనివారం శనివారం చేతిలో పెడతాడు. స్లిప్పూ లేదు ఏమీ లేదు. సరుకు తక్కువొచ్చిన రోజు పొద్దుటినుంచి కూర్చున్నా మూడొందలు కూడా రావు. ఇట్టాంటి వాళ్ళకి ఈ లెక్కలేవీ ఉండవా?

చీమకుర్తి రాయి:

ఎందుకుండవు తమ్ముడూ. కేజీ లెక్క అయినా రోజంతా పనిలో పెట్టుకుంటే ప్రభుత్వం చెప్పిన కనీస వేతనానికి తగ్గకూడదు, సరుకు రాకపోవడం అమ్మ తప్పు కాదు గదా. కరువు భత్యం ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి మారుద్ది, కాబట్టి రెండేళ్ళ కిందటి రేటు చూపిస్తే ఒప్పుకోవద్దు. కాంట్రాక్టరు పీఎఫ్, ఈఎస్ఐ కట్టకపోతే ప్లాంటు వాళ్ళే కట్టాలి, తర్వాత కాంట్రాక్టరు బిల్లులో పట్టుకోవడం వాళ్ళ గొడవ. ముందు అమ్మ పేరు మీద యూఏఎన్ ఉందా, ఈఎస్ఐ నంబరు ఉందా అడుగు. అమ్మతో పాటు షెడ్డులో ఉండే ఆడోళ్ళు పదిమంది కలిసి అడిగితే ఒకరకంగా ఉంటది, ఒక్కతే అడిగితే రేపటినుంచి రావద్దంటాడు, అది నీకూ తెలుసు. రోజూ ఎన్ని కేజీలు, ఎంత ఇచ్చాడు అనేది ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయించు. లేబర్ ఆఫీసుకి పోతే అదే పనికొస్తది.

తడ ట్రైన్:

ఇదే థ్రెడ్‌లో నాదీ ఒకటి అడుగుతా. నా జీతం 9 లక్షలు, మా నాన్న చెరువు అమ్మిన డబ్బు నా పేరున ఎఫ్‌డీ వేశాడు, దాని మీద ఏడాదికి 70 వేలు వడ్డీ, బ్యాంకు వాడు 7 వేలు టీడీఎస్ పట్టాడు. జీతం మీద టాక్స్ లేదన్నారు, మరి ఇదేంది?

జీతాల గుమాస్తా (నెల్లూరు):

టీడీఎస్ (ముందే పట్టుకునేది) వేరు, టాక్స్ వేరు బాసూ. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి 50 వేలు దాటితే (అరవై ఏళ్ళు దాటినోళ్ళకి లక్ష) 10 శాతం పట్టేస్తారు, నీ మొత్తం ఆదాయం ఎంతో బ్యాంకుకి తెలీదు. కొత్త టాక్స్ పద్ధతిలో నీ లెక్క 9,00,000 + 70,000 – స్టాండర్డ్ డిడక్షన్ 75,000 = 8,95,000. 12 లక్షల లోపే కాబట్టి రిబేటుతో టాక్స్ సున్నా. రిటర్న్ వేసి వడ్డీని ఇతర ఆదాయంలో చూపిస్తే 7 వేలూ వెనక్కొస్తాయి. టాక్స్ లేదు గదా అని రిటర్న్ వెయ్యకపోతే మాత్రం ఆ డబ్బు అక్కడే ఉంటది.

సింగరాయకొండ అక్క:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ, నిన్న మా తమ్ముడు ఈ లెక్క తెల్ల కాగితం మీద రాసుకుని టైమ్ ఆఫీసుకి పోయాడు. 26, 30 సంగతి అడగంగానే అక్కడాయన "ఎవరు చెప్పారు నీకు" అన్నాడంట ముందు. తర్వాత సిస్టమ్‌లో ఓటీ రేటు పాతది ఉంది, వచ్చే నెల అరియర్స్ వేస్తాం అన్నాడు. బూట్ల డబ్బు సంగతి హెచ్ఆర్ మేడంని అడగమన్నారు, ఆమె లీవులో ఉంది. పీఎఫ్ ఇంకా ఎత్తలేదు, అన్నీ ఒకేసారి అడిగితే బాగుండదని వాడే ఆగాడు. పాస్‌బుక్‌లో మాత్రం 923, 406 పడ్డాయి, చూశాం.

బస్టాండ్ బాచీ:

వేస్తాం అన్నది నోటి మాటేనా అక్కా? ఈ రాత్రికే రెండు లైన్లు మెయిల్ పెట్టమనండి, "ఈ రోజు మీరు చెప్పిన ప్రకారం ఓటీ అరియర్స్ 1,885 వచ్చే నెల జీతంలో కలుపుతారని అర్థం చేసుకున్నాను" అని, అంకె వేసి. జవాబు రాకపోయినా పర్లేదు. అమ్మ చీటీ సంగతి ఏం చేశారు?

సింగరాయకొండ అక్క:

సగం చీటీకి మార్పించాం 🙏 మెయిల్ ఇప్పుడే రాయిస్తన్నా.