వితండవాదం: తిట్టా, పద్ధతా?

ప్రశ్న: టీవీ చర్చలో ఒకాయన ఏదో పథకం లెక్కలు అడిగితే, ఎదుటాయన "మీ దగ్గర వేరే దారి ఉందా? లేకపోతే ఇది వితండవాదం" అని కొట్టిపారేశారు. మా ఇంట్లో ఈ మాటను మొండివాదన అనే అర్థంలోనే వాడతాం. ఆయన వాడింది సరైనదేనా?

జవాబు: మొండివాదన అన్నది ఇప్పటి వాడుక, అందులో తప్పేం లేదు. తమాషా ఏంటంటే, మీరు చెప్పిన పెద్దమనిషి తెలిసో తెలియకో పాత అర్థానికి దగ్గరగా వెళ్ళారు. గౌతముడి న్యాయసూత్రాల్లో (పాత తర్కశాస్త్ర గ్రంథం, ఈ గౌతముడు బుద్ధుడు కాదు) చర్చ మూడు రకాలు. నిజం తేల్చుకోవడానికి ప్రమాణాలతో, అంటే ఆధారాలతో, మాట్లాడుకుంటే వాదం. గెలుపే ముఖ్యమై, మాటల గారడీకి కూడా దిగితే జల్పం. ఆ జల్పంలోనే తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను పడగొట్టడంతో సరిపెడితే వితండ. "స ప్రతిపక్షస్థాపనాహీనో వితండా" అని సూత్రం. ఇక్కడ ప్రతిపక్షం అంటే పార్టీ కాదులెండి, ఎదురు సిద్ధాంతం.

అయితే గౌతముడు దాన్ని తరిమెయ్యలేదు. మొలకెత్తే విత్తనాలకు ముళ్ళకంప అడ్డం పెట్టినట్టు, తేలిన నిజాన్ని కాపాడుకోవడానికి జల్పం, వితండ పనికొస్తాయన్నాడు. బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడైతే తన 'విగ్రహవ్యావర్తని' గ్రంథంలో "నాస్తి చ మమ ప్రతిజ్ఞా" అనేశాడు: నేను నిలబెట్టే సిద్ధాంతమే లేదు, ఇక నాలో దోషం ఎక్కడ? ఎదుటివాడి మాటనే పట్టుకుని, అది దానితోనే ఎక్కడ తగువు పడుతుందో చూపించడం ఆయన పద్ధతి. దాన్ని ప్రసంగం అంటారు. మన సభల్లో ప్రసంగం వేరే సరుకు.

ఇలా తన పక్షం లేదనేవాళ్ళకు, న్యాయసూత్రాలకు వ్యాఖ్య రాసిన వాత్స్యాయనుడి దగ్గర గట్టి ఎదురుప్రశ్న ఉంది: ఇంతకీ నీ ప్రయోజనం ఏమిటి? ఏదో ఒకటి ఒప్పుకుంటే నీకూ ఒక పక్షం ఉన్నట్టే. ఒప్పుకోకపోతే నీతో మాట్లాడి లాభం లేదు.

నా మటుకు, ఈ ప్రశ్న ఓటు అడిగేవాళ్ళను నిలదియ్యాల్సింది. అధికారం కావాలనేవాడు తన దారేదో చెప్పి తీరాలి. మామూలు పౌరుడికి ఆ బాధ్యత అంటగట్టడం అన్యాయం. లెక్క అడిగినవాడు ఇంటి దగ్గరే బడ్జెట్ రాసుకుని రావాలా?

అసలు టీవీ చర్చలకు పట్టిన జబ్బు వితండ కాదు, ఛలం, అంటే ఎదుటివాడి మాటకు కావాలని వేరే అర్థం తియ్యడం. "ఈ కుర్రాడు నవకంబలుడు" అంటే కొత్త కంబళి కప్పుకున్నవాడని. 'నవ' అంటే కొత్త, తొమ్మిది అని రెండర్థాలు. ఎదుటివాడు వెంటనే "ఒక్కటే కనిపిస్తోంది, తొమ్మిది ఎక్కడ?" అంటాడు. వాత్స్యాయనుడు ఛలానికి ఇచ్చిన ఉదాహరణ ఇది. ఏ చానల్ పెట్టినా ఈ కంబళి గొడవే.

మరో సభ్యుడు: మాస్టారూ, దీనికీ గతితర్కానికీ (డయలెక్టిక్స్) ఏమైనా లింకు ఉందా? కాలేజీలో యూనియన్ వాళ్ళు వాదం, ప్రతివాదం, సంవాదం అని జర్మన్ తత్వవేత్త హెగెల్ పేరు మీద చెప్పేవారు.

జవాబు: ఆ మూడు మెట్లు హెగెల్ తన పద్ధతికి పెట్టుకున్న పేర్లు కావండీ. అవి ఫిక్టే అనే మరో జర్మన్ తత్వవేత్త మాటలు. 1837లో చాలిబేయస్ అనే జర్మన్ పండితుడు హెగెల్‌ను వివరిస్తూ ఆ చట్రంలో బిగించాడు, అదే పాఠమైపోయింది. హెగెల్ చెప్పింది, వైరుధ్యం బయటి నుంచి వచ్చి ఢీకొనేది కాదని, ఆ ఆలోచన కడుపులోనే ఉంటుందని. అక్కడి దాకా నాగార్జునుడితో పోలిక ఉంది. ఆ తర్వాత హెగెల్ ఆ వైరుధ్యం మీదే ఇంకో అంతస్తు, అంటే ఇంకా పై ఆలోచన, కడతాడు, నాగార్జునుడు కట్టడు.