రాజుగారి ఉప్పు తిన్నవాడు రాసిన చరిత్రను నమ్మొచ్చా?

పాతపుటలు:

చాలాకాలంగా మనసులో నలుగుతున్న ప్రశ్న ఇది. పాలకుల జీవిత చరిత్రలంటే నాకు ప్రాణం. ఏ దేశపు రాజుదైనా, ఏ కాలపు నాయకుడిదైనా దొరికితే వదలను. అయితే పాతకాలపు పుస్తకాల్లో చాలావరకు ఆ రాజు కొలువులో ఉన్నవాళ్ళే రాశారు. హర్షుడి కథ బాణుడు రాశాడు, అక్బర్ కథ అబుల్ ఫజల్ రాశాడు, యూరప్ చక్రవర్తి షార్లమేన్ కథ ఐన్‌హార్డ్ రాశాడు. మొన్న ఒక స్నేహితుడితో దీని మీదే గట్టి వాదన అయింది. "అవన్నీ భజనలు, పక్కన పెట్టెయ్" అన్నాడు. నాకేమో పక్కన పెట్టబుద్ధి కావడం లేదు. కానీ అతనికి సరైన జవాబు చెప్పలేకపోయాను. మీరేమంటారు?

శాసనప్రియ:

మీ స్నేహితుడి వైపే నేను. జీతగాడి సంగతి తర్వాత, రాజు తన నోటితో చెప్పుకున్న మాటనైనా ఎవరికి చెప్పాడో చూసుకునే నమ్మాలి.

అశోకుడి 13వ శిలాశాసనం అందరికీ తెలిసిందే. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నరమందిని అక్కడినుంచి తరలించారని, అందుకు తాను బాధపడుతున్నానని చెక్కించాడు. గెలిచిన రాజు అలా అనడం చాలా గొప్ప విషయం, కాదనను. కానీ కళింగ నేలమీదే ఉన్న ధౌలి, జౌగడ రాళ్ళ మీద ఆ శాసనం లేదు. 11, 12, 13 శాసనాలు అక్కడ కనబడవు. వాటి బదులు వేరే రెండు శాసనాలు ఉన్నాయి. ఎవరి ఇళ్ళల్లో చావులు జరిగాయో, వాళ్ళ ఊళ్ళ దగ్గర ఆ పశ్చాత్తాపం ఊసే లేదు. ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. స్వయంగా చెప్పుకున్న మాటే ఇలా ఉంటే, ఉప్పు తిన్నవాడు రాసింది ఎంతని నమ్ముతాం?

వెన్నెలదారి:

శాసనప్రియ గారూ, ఆ రెండు వేరే శాసనాల్లో ఏముందో కూడా చెప్పాలి కదండీ. మనుషులందరూ నా బిడ్డలే అన్న మాట ఉన్నది వాటిలోనే. కారణం లేకుండా ఎవరినీ చెరసాలలో పెట్టకండి, హింసించకండి అని కళింగలోని తోసలి పట్టణపు అధికారులకు గట్టిగా చెప్పాడు. పచ్చి గాయాన్ని మళ్ళీ కెలకడం ఎందుకని ఆ యుద్ధం మాట వదిలేసి ఉండొచ్చు. దాచాడనే ఎందుకు అనుకోవాలి?

ఇక కొలువులో ఉన్నవాళ్ళ సంగతి. ఐన్‌హార్డ్ పుస్తకం చిన్నది, కానీ చదువుతుంటే షార్లమేన్ మన ఎదురుగా వచ్చి నిలబడతాడు. పొట్టి మెడ, కాస్త ముందుకొచ్చిన పొట్ట, అంత పెద్ద ఒంటికి సరిపోని సన్నటి గొంతు. సగం యూరప్‌ని ఏలినవాడు పెద్దవయసులో రాయడం నేర్చుకోవాలని తలగడ కింద పలకలు పెట్టుకుని, తీరిక దొరికినప్పుడల్లా అక్షరాలు దిద్దేవాడట. ఆలస్యంగా మొదలుపెట్టాడు కాబట్టి అంతగా రాలేదని కూడా ఐన్‌హార్డే రాశాడు. తలగడ కింద పలక సంగతి బయటివాడికి ఎలా తెలుస్తుంది? భజన చేసేవాడైతే చక్రవర్తికి చదువు ఒంటబట్టలేదని ఎందుకు రాస్తాడు?

బాటసారి:

నా ఓటు బయటినుంచి వచ్చి చూసిపోయినవాళ్ళకి. రాజు దగ్గర వాళ్ళకి ఈనాములూ లేవు, మాన్యాలూ లేవు.

కృష్ణదేవరాయల్నే తీసుకోండి. కావ్యాలు చదివితే ఆయన సాక్షాత్తు దేవుడి అంశ. పోర్చుగల్ నుంచి వచ్చిన డొమింగో పేస్ రాసింది చదివితే మనిషి కనబడతాడు. మరీ పొడుగూ పొట్టీ కాని మనిషి, సన్నం కన్నా లావు వైపే, ముఖం మీద మశూచి మచ్చలు. తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించుకుని, కత్తి తిప్పి, కుస్తీ పట్టి, గుర్రమెక్కి మైదానంలో దౌడు తీసేవాడని రాశాడు. న్యాయం తెలిసిన గొప్ప రాజు అంటూనే, ఉన్నట్టుండి కోపం వస్తుందని కూడా చెప్పాడు. ఆ మశూచి మచ్చలు మన కవులు ఒక్కరైనా రాశారా? అవి చదివాకే రాయలు నాకు మరీ దగ్గరయ్యాడు.

వెన్నెలదారి:

పేస్ బాగా రాశాడు, ఒప్పుకుంటాను. కానీ బయటివాళ్ళందరూ పేస్‌లు కారు. మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని ఏలిన రాణి గురించి రాశాడు. ఆమె న్యాయాన్ని చాలా మెచ్చుకున్నాడు కానీ, భర్త చనిపోయాక నలభై ఏళ్ళు ఏలిందని రాశాడు. ఆ రాణి రుద్రమ అనుకుంటే, ఆమెకు రాజ్యం వచ్చింది తండ్రి గణపతిదేవుడి నుంచి. భర్త చాళుక్య వీరభద్రుడు కాకతీయ సింహాసనం ఎక్కినవాడే కాదు. కూతురిని భార్య చేసేశాడు! రేవులో ఎవరో చెప్పింది విని రాసుకున్నాడేమో.

శాసనప్రియ:

అందుకే నేను రాతి వైపు మొగ్గేది. రుద్రమను శాసనాలు 'రుద్రదేవ మహారాజు' అని మగపేరుతో పిలుస్తాయి. కావ్యం రాసేవాడైతే ఆమె కళ్ళని కలువలతో పోల్చి ఊరుకునేవాడు. ఆమె మరణం సంగతి కూడా ఏ ఆస్థాన కవీ రాయలేదు. 1289 నాటి చందుపట్ల శాసనం వల్లే తెలిసింది. రుద్రమకూ, సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలగాలని ఆ నాయకుడి అనుచరుడొకడు దేవుడికి భూమి ఇస్తూ వేయించిన శాసనం అది. చరిత్ర రాయాలన్న ఉద్దేశమే లేదు అతనికి. పోయినవాళ్ళ కోసం పుణ్యం చేసుకున్నాడు, అంతే. అలాంటి సాక్ష్యానికి నేను వంద ప్రబంధాల విలువ ఇస్తాను.

పాతపుటలు:

ఇంత మంచి చర్చ జరుగుతుందని అనుకోలేదు. అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ చదివాక నాకు ఒకటి తోచింది. లోపలివాడా, బయటివాడా అన్నది కాదు, ఆ వాక్యం రాయడం వల్ల రాసినవాడికి వచ్చేదేమిటి, పోయేదేమిటి అని చూడాలి. ఒకే మనిషి రెండు రకాలుగా రాసిన సందర్భాలు ఉన్నాయి మరి. 6వ శతాబ్దంలో ప్రొకోపియస్ అనే రచయిత తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ కట్టించిన కట్టడాలను పొగుడుతూ ఒక పుస్తకం రాశాడు. అదే ప్రొకోపియస్ రహస్యంగా రాసిపెట్టుకున్న ఇంకో పుస్తకం వాటికన్ గ్రంథాలయంలో దొరికి 1623లో అచ్చయింది. అందులో జస్టీనియన్ మనిషే కాదు, దయ్యం. రాత్రిపూట తల మాయమై మొండెం ఒక్కటే తిరిగేదని రాశాడు! పొగడ్తలో ఎంత అబద్ధం ఉంటుందో పగలోనూ అంతే ఉంటుంది. కాబట్టి తిట్టినవాడే నిజం చెప్పాడని నేను ఒప్పుకోలేను.

అక్బర్ విషయంలో మనకు ఇంకా మంచి అవకాశం ఉంది. అబుల్ ఫజల్, బదాయునీ ఇద్దరూ 1574లోనే కొలువులో చేరారు. ఒకరు బహిరంగంగా పొగిడారు, రెండోవారు చాటుగా ఏకిపెట్టారు. బదాయునీ పుస్తకం జహంగీర్ కాలందాకా బయటికి రాలేదు. నేను రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను. మాటామాటా కలవని ఆ ఇద్దరూ ఎక్కడ ఒకే మాట అన్నారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకుంటాను.

ఇది పాత రాజులకే కాదు. లింకన్ కొడుకు రాబర్ట్ తండ్రి కాగితాలను ఎవరికీ చూపకుండా దాచి, తాను చనిపోయిన 21 ఏళ్ళ తర్వాతే తెరవాలని షరతు పెట్టాడు. అవి తెరిచింది 1947లో. అంతకుముందు లింకన్ కార్యదర్శులు ఇద్దరు పది సంపుటాలు రాస్తే, రాతప్రతి కూడా రాబర్ట్ చూశాకే అచ్చుకు వెళ్ళింది. లింకన్‌తో కలిసి లాయర్ ఆఫీసు నడిపిన హెర్న్‌డన్ మాత్రం ఊరూరా పాతవాళ్ళని కదిలించి, ఉత్తరాలు పోగుచేసి 1889లో పుస్తకం వేశాడు. తప్పులున్నాయి, లింకన్ భార్య మీద కోపమూ ఉంది. అయినా ఆ ఉత్తరాలు లేకపోతే లింకన్ చిన్నతనం గురించి మనకు తెలిసేది చాలా తక్కువ.

బాటసారి:

పాతపుటలు గారూ, మరి జహంగీర్? తన చరిత్ర తానే రాసుకున్నాడు, దాచుకోవాలంటే అడ్డేముంది? అయినా రోజుకు ఇరవై గిన్నెల సారా తాగేవాడినని, చేతులు వణికి గిన్నె పట్టుకోలేకపోతే పక్కవాళ్ళు తాగించేవాళ్ళని రాసుకున్నాడు. ఆరు నెలలు ఇలాగే సాగితే ఇక మందు లేదని హకీం చెప్పిన సంగతీ రాశాడు. అబుల్ ఫజల్‌ని 1602లో చంపించింది తానేనని కూడా ఒప్పుకున్నాడు. శాసనప్రియ గారు దీనికేమంటారో వినాలని ఉంది.

శాసనప్రియ:

చేతులు వణికిన సంగతి నమ్ముతాను. అలాంటిది కల్పించి రాయాల్సిన అవసరం ఏ పాదుషాకీ ఉండదు. ఆ ఒక్క పుస్తకం విషయంలో మీ మాటకు ఒప్పుకుంటున్నాను.

హత్య దగ్గర మాత్రం నాకు అడ్డం పడుతోంది. చంపించానని చెప్పాడు సరే, ఎందుకో కూడా చెప్పాడు. తండ్రికీ తనకూ మధ్య ఎడం పెంచుతాడన్నది ఆయన చెప్పిన కారణం. ఆ కారణం మనకు చేరింది చంపించినవాడి కలం నుంచి. అక్బర్ గురించి వేల పుటలు రాసిన అబుల్ ఫజల్‌కు దానికి జవాబు రాసే అవకాశం లేకుండా పోయింది.