హవాయిలో డ్రోన్ ఎగరేయొచ్చా? కలౌపాపా, కెయలకెకువా వైపు వెళ్లినవాళ్లు చెప్పండి

పెరంబూర్ కెమెరా:
జనవరిలో చెన్నై నుంచి హొనొలులు వెళ్తున్నా, అక్కావాళ్లు అక్కడే ఉంటారు. నా దగ్గర 249 గ్రాముల చిన్న డ్రోన్ ఉంది. మొలొకాయ్ దీవిలో కలౌపాపా, బిగ్ ఐలాండ్‌లో 1779లో కెప్టెన్ కుక్ చనిపోయిన కెయలకెకువా బే, ఈ రెండూ పైనుంచి తీయాలని ఎన్నాళ్లుగానో ఆశ. 250 గ్రాముల లోపు కాబట్టి ఎక్కడైనా ఎగరేయొచ్చు కదా? తిమింగలాల సీజన్ కూడా అదేనంట, అవి దొరుకుతాయా?

ఓఎంఆర్ తెలుగోడు:
లేదు బ్రో, బరువుకీ చోటుకీ సంబంధం లేదు. సరదాకి ఎగరేస్తే రిజిస్ట్రేషన్ తప్పుతుంది అంతే, ట్రస్ట్ అని ఫ్రీ ఆన్‌లైన్ టెస్ట్ మాత్రం రాయాల్సిందే. కలౌపాపా నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉంది, వాళ్లు 2014 నుంచే డ్రోన్లు ఆపేశారు. కెయలకెకువా స్టేట్ పార్కు, అక్కడా పర్మిట్ లేకుండా కుదరదు. ఇంక తిమింగలాలంటావా, అక్కడ కనిపించే హంప్‌బ్యాక్ తిమింగలాలకి 1,000 అడుగుల దగ్గరికి ఏదీ ఎగరకూడదు, డ్రోనేమో 400 అడుగులు దాటకూడదు, అంటే వాటి నెత్తిమీదకి వెళ్లే దారే లేదు. పడవలోంచి జూమ్ లెన్స్‌తో తీసుకో.

మైలాపూర్ అత్త:
బాబూ, కలౌపాపాకి డ్రోన్ ఆలోచనే వద్దు. 1866 నుంచి 1969 దాకా కుష్ఠు వచ్చినవాళ్లని ఇంట్లోంచి లాక్కొచ్చి అక్కడ వదిలేశారు, దాదాపు ఎనిమిది వేల మంది, తల్లి ఒకచోట బిడ్డ ఒకచోట. ఫాదర్ డేమియన్ 1873లో సేవ చెయ్యడానికి వెళ్లి అదే జబ్బుతో 1889లో పోయాడు. సమాధుల మీద డ్రోన్ మోత పెట్టడం నాకైతే మనసొప్పదు. నేను పోయినేడు కలౌపాపా పైన కొండ మీదున్న పాలావు స్టేట్ పార్క్ వ్యూపాయింట్‌కి వెళ్లాను, కొండ అంచున నిలబడితే ఆ నేల మొత్తం కాళ్ల కిందే, చివర్న లైట్‌హౌస్ అగ్గిపుల్లలా తెల్లగా, నాకు ఏడుపొచ్చేసింది. అదీ స్టేట్ పార్కే కాబట్టి డ్రోన్ తియ్యకు, మామూలు కెమెరా చాలు. నువ్వు ఉత్తరం వైపు చూస్తావు, జనవరిలో ఎండ వీపు మీదే పడుతుంది. కొండ నీడ కింద పడకుండా మధ్యాహ్నం వెళ్లు.

కడపాక్కం గాలి:
అత్తగారు చెప్పిందే కరెక్ట్. పర్మిషన్ ఉన్న చోట ఎగరేసినా గాలి సంగతి మర్చిపోకు, అక్కడ ఈశాన్యం నుంచి ట్రేడ్ విండ్స్ అనే గాలులు కొడతాయి, కొండకి తగిలి పైకీ కిందకీ తిప్పేస్తాయి. నేను కడపాక్కం బీచ్‌లో గాలివాటున సముద్రం మీదకి పంపి, వెనక్కి రప్పించేటప్పుడు ఎదురుగాలికి బ్యాటరీ 60 శాతం నుంచి 18కి జారిపోయింది, చేతులు వణికాయి. అందుకే ముందు ఎదురుగాలికి పంపు, తిరుగుదారిలో గాలే తోస్తుంది. ఇంకోటి, లావా రాయిలో ఇనుము ఉంటుంది, దాని మీద పెట్టి లేపితే కంపాస్ తప్పు చూపిస్తుంది, చేతిలోంచి లేపు. బ్యాటరీలు క్యాబిన్ బ్యాగులోనే పెట్టు. డ్రోన్‌ని వెళ్లేటప్పుడే చెన్నై ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్‌లో చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకో, 2022 నుంచి డ్రోన్ల దిగుమతి బంద్, తిరిగొచ్చేటప్పుడు కాగితం లేకపోతే గొడవ.

పెరంబూర్ కెమెరా:
అత్తా, ఆ సమాధుల సంగతి నాకు నిజంగా తెలీదు. కలౌపాపాకి డ్రోన్ తీసుకెళ్లను. 70-200 లెన్స్ చాలా, ఇంకా పెద్దది అద్దెకి తీసుకోవాలా?

మైలాపూర్ అత్త:
చాలు నాన్నా. లైట్‌హౌస్ ఒక్కటే దగ్గరగా కావాలంటే 400 లెన్స్ తెచ్చుకో. పైన చలిగాలి, స్వెటర్ మర్చిపోకు.