అప్‌డేట్: ఖాట్మండు వెళ్లొచ్చాం

ఖాట్మండులో పాత పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి, విమానానికి ఆధార్ సరిపోతుందా అని అడిగాను కదా. ఆధార్ చాలదన్నవాళ్లకు దండం. ఓటర్ కార్డులు పట్టుకెళ్లాం. మనకి వీసా ఎలాగూ అక్కర్లేదు.

మీరు చెప్పిన థమేల్‌లోనే (అక్కడి టూరిస్టుల పేట), పాత పుస్తకాల షాపుల్లో సగం ట్రిప్ గడిచిపోయింది. ట్రెక్కింగ్‌కి వచ్చినవాళ్లు వదిలేసిన నవలలు, హిమాలయాల మ్యాపులు, బౌద్ధం మీద లావుపాటి గ్రంథాలు. ఒక షాపాయన అట్ట లోపల పెన్సిల్‌తో ధర రాసి, చదివి తిరిగిచ్చేస్తే సగం డబ్బులిస్తానన్నాడు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు కొనే అలవాటుకొద్దీ బేరమాడబోతే టీ తెప్పించాడు. ఇంకేం బేరం! పైగా ధరలన్నీ నేపాలీ రూపాయల్లో: మన 100కి వాళ్ల 160.

నేపాలీ సాహిత్యం కావాలంటే బాగ్‌బజార్‌లో రత్న పుస్తక్ భండార్‌కి వెళ్లండి.

దసరాకి మళ్లీ వెళ్దామంటోంది మా ఆవిడ. అప్పుడు వాళ్లకి దశైన్ పండగ, షాపులు చాలావరకు మూసేస్తారు. దీపావళి దాటాకే చూడాలి.