రెజీనా సమాధి రాయి: బానిసను విడిపించి పెళ్లాడాలంటే రోమన్ చట్టం ఏం చెప్పేది?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని సౌత్ షీల్డ్స్‌లో 1878లో దొరికిన రెజీనా సమాధి రాయి గురించి చదువుతున్నాను. సిరియాలోని పల్మైరా నుంచి వచ్చిన బరాతెస్ దాన్ని భార్య కోసం పెట్టించాడు. ఆమె బ్రిటన్‌లోని కతువెల్లౌనీ తెగ మనిషి, ఒకప్పుడు అతని బానిస. 30 ఏళ్లకే పోయింది. బానిసను పెళ్లాడటానికి పద్ధతి ఏమిటి? పిల్లలు పుడితే ఎవరి హోదా వస్తుంది?

జవాబు 1: బానిసగా ఉన్నన్నాళ్లూ చట్టం దృష్టిలో పెళ్లే లేదండీ. కలిసి బతికినా అది కాంటుబెర్నియం (చట్టం పెళ్లిగా గుర్తించని సహజీవనం) మాత్రమే, పుట్టిన బిడ్డ తల్లి యజమాని సొత్తు. కాబట్టి ముందు విడుదల. యజమాని రోమన్ పౌరుడైతే క్రీ.శ. 4 నాటి ఏలియా సెంటియా చట్టం అడ్డొస్తుంది: బానిసకు 30 నిండకపోతే విడిపించినా పౌరసత్వం రాదు. పెళ్లి కోసమే విడిపిస్తున్నానని మండలి ముందు ఒప్పించి, ఆర్నెల్లలో పెళ్లాడతానని ప్రమాణం చేస్తే మినహాయింపు. పైగా బానిస వెలలో 5 శాతం పన్ను.

చాలామంది ఇదంతా లేకుండా నోటిమాటగా వదిలేసేవారు. అలా వదిలిన వాళ్లు ‘జూనియన్ లాటిన్లు’ అయ్యేవారు. బతికున్నంతకాలం స్వేచ్ఛే, కానీ వీలునామా రాసే హక్కు లేదు. పోగానే ఆస్తి పాత యజమానికే. ఎంత అన్యాయమో చూడండి! బయటపడే దారి ఒకటుంది: ఏడుగురు పౌరుల సాక్ష్యంతో పెళ్లి చేసుకుని, బిడ్డకు ఏడాది నిండాక అధికారి ముందు రుజువు చేసుకోవడం. ఇటలీలోని హెర్క్యులేనియంలో దొరికిన చెక్క పలకల ప్రకారం వెనిడియస్ ఎన్నిఖస్ అనే జూనియన్ లాటిన్ ఇదే చేశాడు: క్రీ.శ. 60లో కూతురి పుట్టుక నమోదు, 62లో పౌరసత్వం.

జవాబు 2: పై జవాబు సరైనదే, కానీ బరాతెస్‌కు నేరుగా వర్తించదు. రాయి మీద రోమన్ పౌరుల మూడు పేర్ల పద్ధతి లేదు. రాయి రెండో శతాబ్దానిది. 212లో చక్రవర్తి కరకల్లా సామ్రాజ్యంలోని స్వేచ్ఛా జనులు దాదాపు అందరికీ పౌరసత్వం ఇవ్వకముందు అతను బహుశా విదేశీయుడే (రోమన్ పౌరసత్వం లేని స్వేచ్ఛా మనిషి), విదేశీయులకు ఆ 30 ఏళ్ల నిబంధన లేదు. పిల్లల విషయానికొస్తే, దంపతులకు రోమన్ వివాహ హక్కు ఉంటే తండ్రి హోదా, లేకపోతే తల్లిది. తల్లి పౌరురాలై తండ్రి విదేశీయుడైతే మాత్రం, మినీకియా చట్టం వల్ల బిడ్డా విదేశీయుడే.

జవాబు 3: రాయిని కూడా దగ్గరగా చూడండి. రెజీనా అల్లిక కుర్చీలో కూర్చుంది, ఒడిలో కదురు, పక్కన బుట్టలో ఉన్ని ఉండలు: అచ్చం రోమన్ గృహిణి. లాటిన్‌లో విభక్తులు తప్పాయి, కింద పల్మైరా లిపి మాత్రం చక్కగా సాగింది. లాటిన్ ఆమెను విముక్తురాలు, భార్య అంటుంది. పల్మైరా వాక్యంలో ‘భార్య’ లేదు: ‘బరాతెస్ విడిపించిన రెజీనా, అయ్యో’ అని, అంతే. ఇంకో మాట, ఇంగ్లండ్‌లోనే కోర్‌బ్రిడ్జ్‌లో 68 ఏళ్లకు చనిపోయిన పల్మైరా వాసి రాయి ఉంది. పేరు మొదట్లో విరిగిపోయింది కాబట్టి అతనూ బరాతెస్ ఒకరేనని తేల్చేయకండి.